పూటకూళ్ల యిండ్లు

క్రీడాభిరామమునందు కాకతీయుల యోరుగంటిలో నొక్క రూకకు విందుభోజన మమర్చిన లక్ష్మణవజ్ఝల యిల్లు చదువరులకు సుపరిచితమే. అట్టి యిండ్లు గోదావరి కాలువల వెంబడి చిన్న యూళ్లలోను వెలసినవి. 1852లో ధవళేశ్వరపు టానకట్ట ముగిసిన పిమ్మట పడవలు సాగెను. మాయూరి లాకులయొద్ద పడవ యాగినప్పుడెల్ల విస్తళ్లు లేచెడివని మా మాతామహి చెప్పగా వింటిమి. వడ్డించినది మన కులపు వితంతువే. పుట్టినింట, మెట్టినింట నాదరము లేని యామెకు గరిటెయే భూవసతి! 1897లో నచ్చయిన కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను జూచి నవ్వినవారము మేమును. రోడ్లు వచ్చినవి, పడవలు నిలిచినవి, ఊరు చిక్కినది. ఆ యింటి యరుగు మాత్రము మిగిలినది; ఆమె పేరెరిగినవారు లేరు. మీ వంశములలో నట్టివా రుండినచో పేళ్లు వ్రాసి సంఘమునకు బంప వేడెదము.