అట్టమీద ఒకరు, పళ్ళెంలో మరొకరు

గ్రామఫోను రికార్డులు కూడబెట్టే ప్రతివారి బీరువాలోనూ వినబుద్ధి కానిదీ, పారవేయడానికి మనసొప్పనిదీ ఒకటి ఉంటుంది. గార్లలో నా దగ్గరున్నది ఘంటసాల పాటలను వేరొక గాయకుడు పాడిన ఎల్.పి. అట్టనిండా ఘంటసాల బొమ్మ. పాడినవారి పేరు మాత్రం వెనుకవైపు చీమతలంత అక్షరాల్లో. అందులో 'మల్లీశ్వరి' (1951) పాట కూడా ఉంది. రాజేశ్వరరావు కూర్చిన స్వరం తప్పలేదు, కృష్ణశాస్త్రి మాట ఒక్కటీ పొల్లుపోలేదు. అయినా పాట పలకలేదు.

లోపం ఎక్కడ? ఒకరి పాటను మరొకరు పాడటంలో లేదు. త్యాగరాజ కృతిని ఎందరు పాడినా మనం అనుకరణ అనము. ప్రతి విద్వాంసుడూ అందులో తన మనోధర్మాన్ని కలుపుతాడు కనుక. 'పహలీ నజర్' (1945)లో ముకేశ్ సైగల్ ఛాయలోనే పాడి, తరువాత తన గొంతు తాను వెదుక్కొన్నాడు. నా రికార్డులోని గాయకుడికి ఆ వెదుకులాటకే అనుమతి లేదు. తాను లేనట్లు పాడటమే అతని పని.

గాయకుడిని లేనట్లు చూడటం మన సినిమారంగానికి పాత అలవాటే. 'మహల్' (1949) రికార్డుపై లతామంగేష్కర్ పేరుకు బదులు 'కామిని' అని పాత్ర పేరు అచ్చయింది. చట్టమూ అదే దారిన నడిచింది. 1957 నాటి కాపీరైటు చట్టం రచనపై హక్కుదారుకు రాయల్టీ చెల్లించి పాటను మళ్ళీ రికార్డు చేసుకోనిచ్చింది. తొలుత పాడిన గొంతు ఊసు అందులో లేదు. నటులకు అటువంటి హక్కు లేదని బొంబాయి హైకోర్టు దేవానంద్ వ్యాజ్యంలో తేల్చింది. ప్రదర్శకుల హక్కు మన చట్టంలోకి వచ్చింది 1994 సవరణతో. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అంటే ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు!

2012 సవరణ మరొక అడుగు వేసింది. తొలి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిసి ఐదేళ్ళు గడవనిదే అటువంటి రికార్డు చేయరాదు. అట్టమీద మునుపటి గాయకుని పేరుగాని బొమ్మగాని ఉండరాదు. ఇది మరల పాడినదని స్పష్టంగా చెప్పాలి. ఆ లెక్కన నా అట్ట నేడు అంగడికెక్కదు.

అయితే చట్టం అట్టను సరిచేయగలదు గాని, పాటను సరిచేయలేదు. ఈ రికార్డును నేను దాచింది మూలం విలువ తెలుసుకోవడానికే కాదు. వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మనిషికి శ్రుతిజ్ఞానం ఉంది, గాత్రం ఉంది. అతని సొంత పాట ఎలా ఉండేదో వినే అవకాశం మాత్రం మనకు దక్కలేదు. ఇందులో మోసపోయింది కొన్నవారొక్కరే కాదు, పాడినవాడు కూడా.