బాయ్‌కాట్: ఇంటిపేరు మాటైన వైనం

బాయ్‌కాట్ అన్నది నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో చార్లెస్ బాయ్‌కాట్ ఓ జమీందారు ఏజెంటు. కౌళ్లు తగ్గించమన్న రైతులను భూముల్లోంచి వెళ్లగొట్టబోయాడు. ఊరంతా అతనితో మాట మానేసింది. కూలీలు చేలో దిగలేదు, కొట్లవాళ్లు సరుకు ఇవ్వలేదు. చివరికి అల్‌స్టర్ నుంచి 50 మందిని సైనికుల కాపలాతో రప్పించి దుంపలు తవ్వించాల్సి వచ్చింది. కాపలా ఖర్చు పంట విలువకు ఎన్నో రెట్లు! అలా దూరం పెట్టడానికి అతని పేరే నిలిచిపోయింది. మన ‘వెలి’ బలవంతుల చేతి కర్ర. అక్కడ మాత్రం ఆ కర్ర కౌలుదార్ల చేతికొచ్చింది.

తర్వాత ఆ కర్రను కూలీలూ పట్టుకున్నారు. 1965లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో ముందుగా సమ్మెకు దిగింది ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చిన కూలీలు. వాళ్ల నాయకుడు లారీ ఇట్లియాంగ్. కొద్ది రోజులకే సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలు కలిశారు. యజమానులు మెక్సికో నుంచి కొత్తవాళ్లను దింపి సమ్మెను నీరుగార్చబోయారు. తోటలో ఆపలేని పనిని అంగట్లో ఆపాలనుకున్నారు కూలీలు. దుకాణాల ముందు నిలబడి, ద్రాక్ష కొనొద్దని వచ్చిపోయేవాళ్లను బతిమాలారు. లక్షలమంది కొనలేదు. 1970 జూలైలో యజమానులు ఒప్పందాలపై సంతకాలు పెట్టారు.

అంత గెలిచిన ఆ కూలీల సంఘమే 1974లో, సమ్మెలను దెబ్బతీస్తున్నారంటూ, పత్రాల్లేని వలస కూలీలను అధికారులకు పట్టించింది. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.