సోమవారం నోరు తెరవని ప్రోగ్రాం

"తమ్మీ, ఇయ్యాల గూడ రేటు పోలే. ఊళ్లకెళ్లి ఒకటే ఫోన్లు."

ఎనుమాముల యార్డు నుంచి అడ్తి సేటు. వరుసగా మూడో సోమవారం. తేజ, వండర్ హాట్, చపాట మిర్చి ధరలను సాయంత్రం 4 గంటలకు రైతుల ఫోన్లకు పంపే ఆ పైథాన్ ప్రోగ్రాం రాసింది నేనే. హన్మకొండ గదిలో ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే ప్రాసెస్ నడుస్తూనే ఉంది. ఒక్క ఎర్రర్ లేదు. ఎలా ఉంటుంది? తెర నిండిపోతోందని ఎర్రర్లన్నిటినీ కనిపించకుండా చేసిన ఘనుణ్ణి నేనేగా!

పంపిన వేళలు వరసగా చూశాను. సోమవారం రాలేదని సేటు గోల పెట్టగానే మరునాడు 4:00కి చేత్తో మొదలుపెట్టేవాణ్ని. బుధవారం 4:03, గురువారం 4:06, శుక్రవారం 4:09. పని ముగిశాక 86,400 సెకన్లు ఆగమన్నాను. పనికి పట్టే మూడు నిమిషాలూ రోజురోజుకూ పేరుకున్నాయి. ఇలాంటి జారుడే 1991 ఫిబ్రవరి 25న దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థను ముంచింది. సెకనులో పదోవంతును 24 బిట్లలో ఇరికిస్తే మిగిలిన తేడా, వంద గంటల్లో 0.34 సెకను అయింది. స్కడ్ క్షిపణి దానికి చిక్కకుండా తప్పించుకుంది, 28 మంది సైనికులు పోయారు.

సరే, మూడు నిమిషాల సంగతి తేలింది. సోమవారం మౌనం తేలలేదు. శుక్రవారం తర్వాత ఒక్క నమోదూ లేదు.

"సేటూ, శనివారం ఏమైంది?"

"శని, ఆదివారాలు యార్డు బంద్ గద తమ్మీ. కాంటానే లేకుంటె రేటు యాడిది?"

అదీ సంగతి. ధర గడి ఖాళీ. ఖాళీని అంకెగా మార్చబోయి పైథాన్ వాల్యూ ఎర్రర్ విసిరింది. టైమర్ ఒక్కసారే మోగే రకం. రేపటి టైమర్ పెట్టే వాక్యం ఫంక్షన్ చివర్లో ఉంది. అక్కడిదాకా చేరితే కదా! సెలవుల్లో ఎవరూ రేటు అడగరు కనుక, శనివారం తెగిన గొలుసు సోమవారం గానీ కనిపించలేదు.

రేపటి టైమర్ పెట్టే వాక్యాన్ని, ఎర్రర్ వచ్చినా నడిచే 'ఫైనల్లీ' కిందికి చేర్చాను. ఆగాల్సిన సమయాన్ని గడియారం చూసి లెక్కగట్టమన్నాను. ఎర్రర్లకు లాగ్ ఫైలు పెట్టాను.

శనివారం 4 గంటలకు ఆ ఫైలు ముందే కూర్చున్నాను. ఒక వరస పడింది: "ధర లేదు. తదుపరి: ఆదివారం 4:00."

సేటుకు మాత్రం సోమవారం దాకా చెప్పలేదు.