‘మా’ - ఒక మాట, పలు భాషలు

ఇంటికి వచ్చిన అతిథితో "మా ఊరు" అంటాము. ఆ ‘మా’లో వినేవారికి చోటు లేదు, వారిని కూడా కలుపుకోదలచినప్పుడు "మన ఊరు" అంటాము. ఇంత చిన్న మాట భాష మారగానే అర్థం మార్చుకొంటుంది. సంస్కృతంలో ‘మా’ అంటే ‘వద్దు’ అని నిషేధం. ఇటాలియనులో ‘కాని’. హంగేరియనులో ‘నేడు’. చీనా భాషలో స్వరం ఎత్తి సమంగా పలికితే తల్లి, దించి పలికితే గుర్రం.

అర్థాలు వేరైనంతవరకు చిక్కు లేదు. అర్థం కూడా కలిసినచోటనే మోసపోతాము. చీనావారి ‘మా’, హిందీవారి ‘మాఁ’ రెండూ తల్లియే. కాని పెదవులు కలిపి విప్పితే పసివానికి సులభంగా వచ్చే ధ్వని అది. చుట్టరికానికి అది సాక్ష్యం కాదు. అరబ్బీలోనూ ‘మా’కు ‘కాదు, లేదు’ అనే అర్థమున్నది. సంస్కృతపు ‘మా’తో దానికి పోలికే కాని బంధుత్వం రుజువు కాలేదు. గ్రీకులో నిషేధాన్ని తెలిపే ‘మే’ మాత్రం సంస్కృతపు ‘మా’కు నిజమైన తోబుట్టువు. ఎందువలన? ఆ రెండు భాషల మాటలు ఒక నియమం ప్రకారం కలుస్తాయి. సంస్కృతంలో మొదట సకారమున్నచోట గ్రీకులో తరచు హకారం కన్పిస్తుంది: సప్త - హెప్త, సమ - హోమోస్.

ఈ విచక్షణ మన భాషాచరిత్రనే మార్చింది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో తెలుగు సంస్కృతం నుండి పుట్టినదని పలువురు పండితులు తలచేవారు. 1816లో మద్రాసులో వెలువడిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ప్రస్తావన జోడించాడు. బందరు వాస్తవ్యులు మామిడి వెంకయ్యగారి ‘ఆంధ్రదీపిక’ను ఆయన అందులో ఉపయోగించుకొన్నాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి ఒకే కుదురు నుండి వచ్చినవని, ఆ కుదురు సంస్కృతం కాదని నిరూపించాడు. నలభై ఏండ్ల తరువాత, 1856లో, కాల్డ్వెల్ ఆ వాదాన్ని విస్తరించాడు.

మన ‘మా’ కూడా అందుకు సాక్షియే. ప్రాచీనాంధ్రంలో ‘మేము’కు ‘ఏము’ అనే రూపమున్నది. తమిళంలో దానికి సాటి ‘ఎం’. వినేవారిని వదలి చెప్పేందుకు ఒక మాట, కలుపుకొని చెప్పేందుకు మరొక మాట తమిళంలోనూ ఉన్నవి. సంస్కృతంలో రెంటికీ ‘అస్మాకమ్’ ఒక్కటే.

ఒంటరిగా విన్న మాట ఎవరికైనా బంధువువలె తోస్తుంది. ఇంటివారందరి నడుమ నిలిపి చూచినప్పుడే దాని వంశం తెలుస్తుంది.