బూజుకూ విత్తనం దాచాలి



ట్రైకోడెర్మా మనకు కొత్తేం కాదు. ఖమ్మం, భద్రాచలం దిక్కు మిర్చి వేసేవాళ్ళం ఎండు తెగులు రాకుండా మాగిన పశువుల ఎరువులో కలిపి చేలో చల్లుతాం. అది మందు కాదు, ప్రాణమున్న బూజు. మరి దాని మూల విత్తనం ఎక్కడుంటది? ఎట్లా దాస్తారు?

వెనకట ల్యాబుల్లో బూజును మనం పెరుగు తోడేసినట్టే కాపాడేవాళ్ళు. పాతదాంట్లోంచి రవ్వంత తీసి కొత్త గాజు గొట్టంలో వేసేది. తోడు మీద తోడు వేస్తూ పోతే పెరుగు రుచి మారినట్టు, బూజు కూడా గుణం తప్పేది.

1943లో అమెరికాలోని పియోరియా ఊరి మార్కెట్లో, బూజు పట్టిన ఖర్బూజ మీద పెన్సిలిన్ బాగా ఇచ్చే బూజు దొరికింది. యుద్ధం రోజులు. దాని గుణం పోతే మందు దిగుబడే పోతది. ఆ ఊళ్ళోని ప్రభుత్వ వ్యవసాయ ల్యాబులో పనిచేసిన రేపర్, అలెగ్జాండర్ బూజుల్ని ఎండబెట్టి దాచే పద్ధతిని 1945లో అచ్చు వేయించారు. బూజు బీజాల్ని వెన్న తీసిన పాలల్లో కలిపి గడ్డ కట్టిస్తారు. గాలంతా లాగేస్తే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతది. మిగిలిన పొడితో సహా గాజు గొట్టాన్ని మంట మీద మూసేస్తారు. దశాబ్దాల తర్వాత తెరిచి తడి తగిలిస్తే మళ్ళీ మొలుస్తది. పాలు బీజానికి కవచం అన్నమాట. బీజాలు కట్టని బూజులు మాత్రం దీనికి తట్టుకోవు. వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు.

ఈ కథలో మన తెలుగు పేరు కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబులో పరిశోధనలు నడిపించి 1948లో పోయారు. అక్కడే పనిచేసిన హెసెల్టైన్ 1953లో ఒక కొత్త బూజుకు ఆయన పేరు మీద సుబ్బరోమైసెస్ అని పెట్టాడు. తర్వాత ఆ పియోరియా ల్యాబులోనే బూజుల భాండారం చూసుకున్నాడు.

మన దేశంలో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో 1936 నుంచి, చండీగఢ్‌లో 1986 నుంచి ఇట్లాంటి భాండారాలున్నాయి.

మనకేం లాభమంటారా? రిజిస్టర్ అయిన ప్యాకెట్ మీద బూజు రకం పేరు, భాండారంవాళ్ళిచ్చిన అక్సెషన్ నంబరు ఉంటాయి. కొనేముందు అవి చూడండి, గడువు తేదీ కూడా చూడండి. ఆ నంబరుంటే మూల విత్తనం ఒకచోట భద్రంగా ఉన్నట్టు. లేకపోతే ఎన్నో తోడు పెరుగో మీ చేలో పోస్తున్నట్టే.