గుత్తి నుండి నెల్లూరుకు: భారతీయ గణిత సంఘం తొలి పోషణ స్వరూపం

శ్రీనివాస రామానుజన్ జీవితకథ తెలుగులో సాధారణంగా కుంభకోణం, మద్రాసు, కేంబ్రిడ్జి అనే మూడు మజిలీలుగా సాగుతుంది. ఆ కథకు తెలుగు నేలతో రెండుచోట్ల సంబంధం ఉంది. ఒకటి గుత్తి, రెండవది నెల్లూరు. 1910 నాటి నెల్లూరు జిల్లా నేటి జిల్లా కాదు. ఒంగోలు తాలూకా 1904లో కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరినా, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరులోనే ఉండిపోయాయి. 1970లో ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పొందిన జిల్లాలోకి అవి ఆ తరువాత వచ్చాయి. (కందుకూరు 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది.) అంటే రామానుజన్‌ను ఆదుకున్న కలెక్టరు పరిపాలనలో నేటి ప్రకాశం మెట్ట నేలలు కొన్ని ఉన్నాయి.

ఈ ప్రాంతానికి గణిత పోషణ కొత్త కాదు. మహావీరాచార్యుని సంస్కృత గ్రంథాన్ని సారసంగ్రహ గణితంగా తెనిగించిన పావులూరి మల్లన కమ్మనాటి వాడు. మహావీరునికి రాష్ట్రకూట అమోఘవర్షుని ఆశ్రయం లభించింది. రాజాశ్రయం పోయిన కాలంలో గణితజ్ఞునికి ఆధారమేమిటన్న ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో వచ్చిన సమాధానం గణిత సంఘం.

దానికి బీజం వేసినవాడు ఆచార్యుడు కాదు, రెవెన్యూ ఉద్యోగి. గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1906 డిసెంబరులో గణితాభిమానులకు లేఖలు రాశాడు. మారుమూల ఊళ్లలో ఉన్నవారికి గణిత పత్రికలు, గ్రంథాలు అందవు. చందాలతో వాటిని తెప్పించి సభ్యుల మధ్య తిప్పుకోవాలన్నది ఆయన ఆలోచన. 1907 ఏప్రిల్ 4న ఇరవై మంది సభ్యులతో ఆ సంఘం ఏర్పడింది. బి. హనుమంతరావు తొలి అధ్యక్షుడు. 1909లో పత్రిక మొదలైంది. 1910లో సంస్థకు భారతీయ గణిత సంఘం అన్న పేరు స్థిరపడింది.

కళాశాల పరీక్షల్లో తప్పి బతుకుతెరువు వెతుక్కుంటున్న రామానుజన్ 1910లో తిరుక్కోయిలూరులో రామస్వామి అయ్యర్‌ను కలిసి తాలూకా కచేరీలో గుమాస్తా పని అడిగాడు. నోటు పుస్తకం చూసిన అయ్యర్ ఆ ప్రతిభను రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద అణచివేయడానికి ఇష్టపడలేదు. పని ఇవ్వక, పరిచయపత్రాలిచ్చి పంపాడు. చేతులు మారుతూ వచ్చిన ఆ సిఫారసు డిసెంబరులో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు వద్దకు చేరింది. ఆయన కూడా గణిత సంఘం సభ్యుడే. మొదట ఆయనకు ఆ ఫలితాల విలువ తెలియలేదు. అందుకే మళ్లీ రమ్మన్నాడు. రామానుజన్ సులభమైన ఫలితాలతో మొదలుపెట్టి దీర్ఘవృత్తీయ సమాకలనులు, అపసరణ శ్రేణుల దాకా మెట్టుమెట్టుగా తీసుకువెళ్లాడు. ఏం కావాలని అడిగితే, తిండికి సరిపడా ఆధారం, పరిశోధనకు తీరిక చాలునన్నాడు. నెల్లూరు వంటి ఊళ్లో ఉద్యోగానికి కట్టిపడేయడం అన్యాయమని భావించిన కలెక్టరు ఆయనను మద్రాసుకు తిప్పి పంపి, నెలకు 25 రూపాయలు తానే భరించాడు.

ఈ పైకం సంఘం నిధి కాదు. తొలి దశలో సంఘానికి గణితజ్ఞుని పోషించే స్తోమత లేదు. ఉన్నవి పరిచయాలు, ఒక పత్రిక. సంఘం చేసిన సాయాన్ని, సభ్యుని సొంత దాతృత్వాన్ని ఒకటిగా చెప్పడం వల్ల రెండింటి విలువా మసకబారుతుంది. సంఘం ఇచ్చినది పుటలు. 1911లో పత్రికలో రామానుజన్ ఒక ప్రశ్న వేశాడు: వర్గమూలంలో వర్గమూలం ఇమిడి అంతులేకుండా సాగే ఒక రాశి విలువ ఎంత? ఆరు నెలలు గడిచినా జవాబు రాలేదు. చివరికి తానే చెప్పాడు: 3. బెర్నూలీ సంఖ్యల మీద ఆయన తొలి వ్యాసం అదే సంవత్సరం అచ్చయింది. సంపాదకుడు ఎం. టి. నారాయణ అయ్యంగార్ దానిని మళ్లీ మళ్లీ దిద్దించవలసి వచ్చింది, ఎందుకంటే రామానుజన్ రాత పొదుపు పాఠకునికి అందేది కాదు. సంఘం చేసిన అసలు పోషణ ఈ దిద్దుబాటే అనవచ్చు. డబ్బు ఎవరైనా ఇవ్వగలరు. ఓపికగా చదివి ప్రశ్నించే పాఠకుని మాత్రం సంఘమే ఇవ్వగలిగింది.

ఒకరి మీద ఆధారపడి ఎక్కువకాలం ఉండడానికి రామానుజన్ ఇష్టపడలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. అక్కడి మేనేజరు ఎస్. నారాయణ అయ్యర్ గణిత సంఘం కోశాధికారి. ఈసారి కూడా సాయం సంఘం పేరిట రాలేదు, సంఘంలోని మనిషి ద్వారా వచ్చింది. సంస్థాగతమైన పోషణ 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చిన నెలకు 75 రూపాయల వేతనంతోనే మొదలైంది.

రామచంద్రరావు తరువాత సంఘాధ్యక్షుడయ్యాడు. రామానుజన్ మరణించిన 1920లో సంఘం పత్రికలోనే ఆయన స్మృతివ్యాసం వెలువడింది. నేడు సంఘం ఏటా జరిపే స్మారకోపన్యాసాలు రామస్వామి అయ్యర్, రామానుజన్, గణేశ్ ప్రసాద్, పి. ఎల్. భట్నాగర్, హంసరాజ్ గుప్తాల పేర్లతో ఉన్నాయి. నెల్లూరు కలెక్టరు పేరు ఆ వరుసలో లేదు.