భిలాయ్ కొలిమిలో భూమి వాతావరణ చరిత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతో నెలకొన్నది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అక్కడ ఉక్కుకు ఆధారమైన ఇనుప ఖనిజం, సున్నపురాయి, బొగ్గు భూమి ప్రాచీన వాతావరణానికి సాక్ష్యాలు కూడా.

ఇనుప ఖనిజం: దల్లీ-రాజ్‌హరా గనుల్లో కనిపించే పొరల ఇనుప శిలల వంటివి ప్రపంచవ్యాప్తంగా అధికభాగం సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం సముద్రాల్లో ఏర్పడ్డాయి. సూక్ష్మజీవులు విడుదల చేసిన ఆక్సిజన్, నీటిలో కరిగి ఉన్న ఇనుముతో కలిసి అడుగున పేరుకుంది. జీవులు గాలి కూర్పునే మార్చగలవనడానికి ఇది నిదర్శనం.

సున్నపురాయి: నందినీ గనుల నుంచి వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాననీటిలో కలిసి రాళ్లను అరగదీసి, నదుల ద్వారా సముద్రానికి చేరి సున్నపురాయిగా స్థిరపడుతుంది. భూమి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే ఈ సహజ ప్రక్రియకు లక్షల ఏళ్లు పడుతుంది.

బొగ్గు: మన గోండ్వానా బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటిది. దాని దిగువనున్న తాల్చేర్ శిలల్లో హిమానీనదాల ఆనవాళ్లున్నాయి. ఆ యుగంలో అడవులు కార్బన్‌ను నేలలో పూడ్చిన కొద్దీ గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, భూమి చల్లబడింది.

ఫర్నేస్‌లో ఈ చరిత్ర తిరగబడుతుంది. బొగ్గు నుంచి తయారైన కోక్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. సున్నపురాయి వేడికి విచ్ఛిన్నమవుతుంది. రెండింటి నుంచీ కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కోట్ల ఏళ్ల నిల్వ కొన్ని గంటల్లో గాలిలో కలుస్తుంది.

వేగమే ప్రమాదం

గతంలోనూ భూమి వేడెక్కింది. సుమారు 5.6 కోట్ల ఏళ్ల క్రితం కొన్ని వేల ఏళ్లలో భారీగా కార్బన్ విడుదలై, ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరిగింది. సముద్రజలం ఆమ్లీకృతమైంది. కోలుకోవడానికి లక్షకు పైగా ఏళ్లు పట్టింది. నేటి ఉద్గారాల వేగం అంతకంటే ఎక్కువ. అంటార్కిటికా మంచు పొరల ప్రకారం గత 8 లక్షల ఏళ్లలో, పారిశ్రామిక యుగానికి ముందు, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 300 దాటలేదు. నేడది 420కి పైగా ఉంది.

ప్రకృతి ఈ భారాన్ని సరిచేయగలదు, కానీ మానవ కాలమానంలో కాదు. అందుకే ఉద్గారాలను పుట్టుకలోనే తగ్గించడం అవసరం. రైలు పట్టాలకు, వంతెనలకు ఉక్కు తప్పనిసరి. భిలాయ్ వంటి పట్టణాల జీవనాధారమూ అదే. కనుక మారవలసింది తయారీ విధానం. తుక్కు ఉక్కును కరిగించి వాడటం ఒక మార్గం. కోక్ బదులు హైడ్రోజన్ వినియోగం మరొకటి. అప్పుడు ఖనిజం నుంచి విడిపోయిన ఆక్సిజన్ నీటి ఆవిరిగా వెలువడుతుంది. అయితే ఆ హైడ్రోజన్‌ను కూడా స్వచ్ఛమైన విద్యుత్తుతో తయారు చేయాలి. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారాలుంటేనే 'హరిత ఉక్కు'గా గుర్తించాలని కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులో ప్రమాణం నిర్దేశించింది.